ఏజెంట్ టికెట్లు చదువుతుంది, వాటి మీద చెయ్యి మాత్రం వెయ్యదు

అందరికీ నమస్కారం.

టికెట్ల టూల్ కొత్త వెర్షన్ ఈ వారం నుంచి మీ అందరికీ అందుతుంది. ఏం మారింది, ఏం మారలేదు, మీలో చాలామంది అడిగినా ఏది ఇవ్వడం లేదు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. కాస్త పొడుగు ఉత్తరమే. తీరిక చూసుకుని చదవండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ముందు ఒక ముక్క. మీరు ఏఐ ఏజెంట్‌ను (టూల్స్ వాడుకుని మీ తరఫున పనిచేసే ఏఐని) "పేమెంట్ పేజీ సంగతి ఎక్కడిదాకా వచ్చింది?" అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ టీములు తమ పనులు, బగ్‌లు ఒక్కోటి ఒక్కో టికెట్‌గా జిరా, గిట్‌హబ్, లీనియర్ లాంటి ట్రాకర్లలో రాసుకుంటాయి. ఏజెంట్ ఆ టికెట్లు వెతికి, చదివి జవాబు చెప్పాలి. ఆ వెతికి తెచ్చే పని మా టూల్‌ది. ఆంత్రోపిక్ 2024 నవంబరులో బయటపెట్టిన ఎంసీపీ (ఏఐకి బయటి టూల్స్‌ను తగిలించే ఉమ్మడి పద్ధతి) మీద తయారుచేశాం కాబట్టి, ఎంసీపీ తెలిసిన ఏ ఏజెంట్‌కైనా తగిలించుకోవచ్చు.

ఇక అందరూ అడిగే ప్రశ్న. అట్లాసియన్ (జిరా కంపెనీ), లీనియర్, గిట్‌హబ్ మూడూ సొంత ఎంసీపీ సర్వర్లు ఇస్తున్నాయి కదా, మీకెందుకు డబ్బు కట్టాలి? న్యాయమైన ప్రశ్నే. మీ టీమంతా ఒకే ట్రాకర్ వాడుతూ, కామెంట్లన్నీ శుభ్రమైన ఇంగ్లిష్‌లో రాసుకుంటూ ఉంటే మాకు డబ్బు కట్టాల్సిన పని లేదు, వాళ్లదే వాడుకోండి. ఈ మాట అమ్మేటప్పుడు కూడా చెబుతున్నాను. మా టూల్ పనికొచ్చేది రెండు మూడు ట్రాకర్లు కలగాపులగంగా ఉన్నచోట, కామెంట్లు మనవాళ్లు మాట్లాడినట్టే రాసేచోట.

మాట్లాడినట్టే రాయడం అంటే మీకు తెలుసు. టికెట్ శీర్షిక ఇంగ్లిష్‌లో ఉంటుంది. కింద కామెంట్లు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. లాగిన్ 'అవ్వట్లేదు' అని ఒకరు, 'అవట్లే' అని ఇంకొకరు, 'కావట్లేదు' అని మరొకరు, 'అయితలేదు' అని తెలంగాణ కుర్రాడు రాస్తారు. స్పెల్లింగు ఎవరిష్టం వాళ్లది. మామూలు సెర్చ్‌కు ఇవన్నీ వేర్వేరు మాటలు. 'లాగిన్ పనిచేయడం లేదు' అని ఇంగ్లిష్‌లో వెతికితే ఒక్కటీ దొరకదు. కొత్త వెర్షన్‌లో జంట అక్షరాలు, వత్తులు, 'వి'కి 'డబ్ల్యూ' రాయడం లాంటి తేడాలన్నీ చెరిపేసి, ధ్వని ప్రకారం పోల్చి వెతుకుతాం. తెలుగు వరకూ బాగానే దొరుకుతోంది. హైదరాబాద్ టీముల్లో మధ్యలో హిందీ దూరుతుంది చూడండి, అక్కడ మాత్రం ఇంకా తడబడుతోంది.

వెతకడం ఒక ఎత్తు, తెచ్చాక ఏజెంట్‌కు ఏం చూపించాలన్నది ఇంకో ఎత్తు. టెస్టింగ్ కోసం మేమే రాసుకున్న ఒక టికెట్ చెబుతాను. శీర్షిక: ఓటీపీ రావట్లేదు. స్టేటస్: ఇన్ ప్రోగ్రెస్. వివరణలో 'ఎస్సెమ్మెస్ గేట్‌వే సమస్య అనిపిస్తోంది' అని ఉంది. కింద పొడవాటి కామెంట్ల వరస, చాలావరకు 'ఏమైంది అప్‌డేట్?' 'చూస్తున్నాం సార్'. అసలు సంగతి చివరి కామెంట్‌లో ఉంది: మెసేజ్‌లో ఒక మాట మార్చారు, డీఎల్‌టీలో (కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్‌ల నమూనాలు ముందే నమోదు చేయాల్సిన టెలికాం వ్యవస్థలో) రిజిస్టర్ చేసిన టెంప్లేట్ మార్చలేదు, అందుకే టెలికాం ఆపరేటర్ ఆపేస్తున్నాడు. మన దేశంలో ఎస్సెమ్మెస్ పంపే ఎవరికైనా ఈ బాధ తెలుసు. వివరణ ఒక్కటే చదివిన ఏజెంట్ ఏం చెబుతుంది? గేట్‌వే కంపెనీకి ఫోన్ చేయమంటుంది. మీ డెవలపర్ పూట గడిచేదాకా తప్పు మనిషితో మాట్లాడుతుంటాడు.

అలాగని టికెట్ మొత్తం దానిముందు కుమ్మరిస్తే సరిపోదు. జిరా క్లౌడ్ ఏపీఐ (ప్రోగ్రాములు సమాచారం తీసుకునే దారి) ఇప్పటి వెర్షన్‌లో వివరణను మామూలు రాతగా ఇవ్వదు. ప్రతి పేరాకూ, ప్రతి బోల్డ్ మాటకూ ఒక్కో పెట్టె చొప్పున ఒకదాంట్లో ఒకటి ఇమిడిన జేసన్ (ప్రోగ్రాములు చదివే డేటా రూపం) ఇస్తుంది. దానికి తోడు పేరు కూడా లేకుండా నంబర్లతో ఉండే ఖాళీ కస్టమ్ ఫీల్డులు బోలెడు. ఏఐ చదివే ప్రతి ముక్కకూ (టోకెన్‌కూ) లెక్క ఉంటుంది, వీటన్నిటి బిల్లు మీకే పడుతుంది. కాబట్టి ఇప్పుడు మేం ముందు శీర్షిక, స్టేటస్, ఎవరి చేతిలో ఉంది, చివరిసారి ఏం మారింది అన్నవి ఇస్తాం. ఆ తర్వాత కొత్త కామెంట్లు, వివరణ అన్నిటికంటే ఆఖర్న. పాత కామెంట్లు కావాలంటే ఏజెంట్ మళ్లీ అడగాలి.

లెక్కల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. వెతికితే ఫలితాలతో పాటు మొత్తం ఎన్నో కూడా జిరా ఏపీఐ ఒకప్పుడు చెప్పేది. అట్లాసియన్ ఆ దారి మూసేసి తెచ్చిన కొత్త దారిలో మొత్తం రాదు, ఒక పేజీ ఫలితాలు, తర్వాతి పేజీ అడగడానికి ఒక గుర్తు, అంతే. పేజీకి 50 వచ్చాయనుకోండి, ఏజెంట్ నిబ్బరంగా 'మొత్తం 50 బగ్‌లు' అనేస్తుంది. మీరు క్లయింట్ మీటింగ్‌లో అదే చదువుతారు. ఇకపై తెచ్చింది ఒక పేజీ మాత్రమేనని మా టూల్ ప్రతిసారీ ఏజెంట్‌కు చెబుతుంది. సంఖ్య కావాలంటే జిరా విడిగా ఇచ్చే సుమారు లెక్కను తెచ్చి, 'సుమారు' అన్న మాట వదలకుండా ఇస్తుంది. గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్టులు (కోడ్ మార్పును కలపమని పెట్టే అభ్యర్థనలు) కూడా ఇష్యూల (అక్కడి టికెట్ల) జాబితాలోనే వస్తాయి, వాటిని వేరుచేశాం.

ఇప్పుడు మీలో కొందరికి నచ్చని సంగతి. ఏజెంటే టికెట్ మూసేయాలి, కామెంట్ రాయాలి, వేరేవాళ్లకు అప్పగించాలి అని చాలామంది అడిగారు. ఇవ్వడం లేదు. చేతకాక కాదు, ఆ కోడ్ రాయడం చదివే కోడ్ కంటే తేలికే. టికెట్‌లో రాసేది మీవాళ్లు ఒక్కరే కాదు. సపోర్ట్ ఫారం నుంచి, మెయిల్ నుంచి బయటివాళ్ల మాటలు నేరుగా టికెట్లయిపోతాయి. ఏజెంట్‌కు మీ ఆదేశానికీ, టికెట్‌లో ఎవరో రాసిన ఆదేశానికీ తేడా గట్టిగా తెలియదు. 2025 మేలో భద్రతా పరిశోధకులు గిట్‌హబ్ ఎంసీపీ సర్వర్‌తో ఇదే చేసి చూపించారు. అందరికీ కనిపించే రిపోజిటరీలో (కోడ్ దాచుకునే చోట) ఒక ఇష్యూ పెట్టి, అందులో ఏజెంట్‌కు సూచనలు రాశారు. ఇష్యూలు చూడమని యజమాని చెప్పగానే అది ఆ సూచనలు పాటించి, ప్రైవేటు రిపోజిటరీల్లోని సమాచారం తెచ్చి బహిరంగ పుల్ రిక్వెస్టులో పెట్టింది. అక్కడ సర్వర్ కోడ్‌లో బగ్ లేదు, అన్నీ చెప్పినట్టే పనిచేశాయి. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే.

చదవడం వరకే ఉంచితే ప్రమాదం పూర్తిగా పోతుందని అనను. మీ ఏజెంట్‌కు మెయిల్ పంపే టూల్ ఇంకొకటి తగిలిస్తే సమాచారం ఆ దారిన పోవచ్చు, అది మా చేతుల్లో లేదు. మేం చేయగలిగినవి చేశాం. అందరికీ కలిపి ఒకే అడ్మిన్ తాళంచెవి (టోకెన్) పద్ధతి తీసేశాం. ఎవరి లాగిన్ వాళ్లదే, జిరాలో మీకు కనిపించని టికెట్ మీ ఏజెంట్‌కూ కనిపించదు. దీనివల్ల సోమవారం మీ టీమ్‌లో ప్రతి ఒక్కరూ ఒకసారి మళ్లీ అనుమతి ఇవ్వాల్సి వస్తుంది. విసుగే, కానీ తప్పదు.

ధర పెంచడం లేదు. ఆఫీసులో సొంత సర్వర్ మీద పాత జిరా నడుపుతున్నవాళ్లకు ఒక మాట: జిరా సర్వర్‌కు అట్లాసియన్ సపోర్ట్ 2024 ఫిబ్రవరి 15తోనే ఆగిపోయింది. మా టూల్ దానితో ఈ ఆర్థిక సంవత్సరం చివరిదాకా పనిచేస్తుంది, ఆ తర్వాతి సంగతి మాట ఇవ్వలేను.

హిందీ కలిసిన కామెంట్ల సెర్చ్ సరిచేయడానికి నమూనా టికెట్లు కావాలి. పంపేవాళ్లు క్లయింట్ పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి మామూలు సపోర్ట్ మెయిల్‌కే పంపండి. స్క్రీన్‌షాట్లు వద్దు, టెక్స్ట్ ఫైలే పంపండి.