ఎక్కించిన మందు పేరు రిపోర్టులో రాయరా?

సంపాదకుడి గారికి,

స్కాన్ కోసం నరంలోకి ఎక్కించే మందు (దీన్నే డై అనీ కాంట్రాస్ట్ అనీ అంటారు) పేరు చెప్పే ఒక్క లైను రిపోర్టుల్లో అదనంగా చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం. ఆ లైను లేక మా ఇంట్లో పడిన అవస్థ ముందు చెప్తాను.

పోయిన నెల మా అక్కకి కడుపు సీటీ స్కాన్ తీశారు. "డై ఎక్కుతుంటే ఒళ్లంతా వెచ్చబడుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది, బట్టల్లోనే ఒంటేలు పోసేసినట్టు అనిపిస్తుంది, కంగారుపడకండమ్మా" అని టెక్నీషియన్ ముందే చెప్పాడు. అచ్చం అలాగే జరిగిందట, రెండు నిమిషాల్లో సర్దుకుందట. ఆ అబ్బాయికి దండం పెట్టాలి. చెప్పి ఉండకపోతే అక్క మిషన్‌లోంచి లేచి పరుగెత్తేది.

చిక్కంతా మర్నాడు వచ్చింది. సాయంత్రం నడుము దగ్గర దురద మొదలైతే దోమ కుట్టిందనుకుంది. రాత్రికి వీపంతా పాకింది. తెల్లారేసరికి పొట్ట మీదా తొడల మీదా ఎర్రటి దద్దుర్లు, దుప్పటి అంచు తగిలినా మంట. డాక్టరు దగ్గరికి వెళ్తే, కొత్తగా ఏం మందులు వాడారని అడిగి, నొప్పికి వేసుకుంటున్న బిళ్ల ఆపించారు. అది వారం నుంచీ వాడుతున్నదే పాపం. అప్పుడు స్కాన్ సంగతి చెప్పాం. "ఏ డై ఇచ్చారు?" అన్నారాయన.

రిపోర్టు తీశాం. కాలేయం కొలత ఉంది. పిత్తాశయం గోడ మందం ఉంది. కుడి కిడ్నీలో ఎవరికీ అక్కర్లేని చిన్న నీటితిత్తి కూడా మిల్లీమీటర్లతో సహా ఉంది. మందు దగ్గరికొచ్చేసరికి 'కాంట్రాస్ట్ ఇచ్చి తీసినది' అన్న ముక్క, అంతే. సెంటర్‌కి ఫోన్ చేస్తే "డైయేనండీ, అందరికీ ఇచ్చేదే" అన్నారు. జ్వరం బిళ్ల కొన్నా అట్ట మీద పేరూ బ్యాచ్ నంబరూ ఉంటాయి. నేరుగా నరంలోకి, వంద మిల్లీలీటర్ల దాకా ఎక్కించే మందుకి పేరు లేకుండా పోయింది.

డై అనీ రంగు మందనీ అంటాంగానీ, నిజానికి దానికి రంగే లేదు, నీళ్లలా ఉంటుంది. అందులోని అయోడిన్ ఎక్స్‌రే కిరణాల్ని అడ్డుకోవడంవల్ల రక్తనాళాలు తెల్లగా కనబడతాయి. కిడ్నీలు బాగున్నవాళ్లలో ఒక రోజులో దాదాపు అంతా ఒంటేలులో పోతుంది. అందుకే 'పోయిన మందు ఇప్పుడెలా పడదు?' అని చాలామంది కొట్టిపారేస్తారు. మందు పోయినా దాన్ని చూసి రెచ్చిపోయిన రోగనిరోధక కణాలు మాత్రం ఒంట్లోనే ఉంటాయిగా. గంట దాటిన తర్వాత మొదలుకొని వారం రోజుల దాకా ఎప్పుడైనా ఇలాంటి దద్దుర్లు రావచ్చు. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. అక్కకీ నాలుగైదు రోజుల్లో తగ్గాయి.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఎక్కించిన కొద్ది నిమిషాల్లోనే గొంతు బిగుసుకుపోవడం, ఆయాసం, బీపీ పడిపోవడం. అది అరుదే, కానీ వస్తే తొడ కండలోకి వెంటనే అడ్రినలిన్ పొడవాలి. మందు ఎక్కాక కనీసం ఇరవై, ముప్పై నిమిషాలు కూర్చోబెట్టి చూడాలనేది అందుకే. మా అక్కకి బల్ల దిగీదిగకముందే నరంలో పెట్టిన సన్నగొట్టం, అదే క్యాన్యులా, పీకేశారు.

పేరు తెలిస్తే ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లకి ఒక లెక్క. 1990లో జపాన్ వైద్యులు మూడు లక్షలకు పైగా పరీక్షలు గమనించి ఒక అధ్యయనం ప్రచురించారు. నీళ్లలో అయాన్లుగా విడిపోయే పాతరకం అయానిక్ డై ఇచ్చినప్పుడు ఏదో ఒక ఇబ్బంది నూటికి సుమారు 12 నుంచి 13 సార్లు వచ్చింది. అలా విడిపోని నాన్‌అయానిక్ రకంతో అది 3కి పడింది. తీవ్రమైనవి పదివేలకు 22 నుంచి 4కి దిగాయి. రెంటిలోనూ ఉన్నది అయోడినే, తేడా మందుది. ఇప్పుడు సీటీకి చాలావరకు నాన్‌అయానిక్ రకాలే వాడుతున్నారు, వాటిలోనూ అయోహెక్సాల్, అయోపమిడాల్, అయోడిక్సనాల్ అంటూ చాలా ఉన్నాయి. ఒకటి పడనివాళ్లకి మరోసారి ఇంకొకటి మార్చి ఇవ్వడం వైద్యులు చేసే పనే. మొదటిది ఏమిటో తెలియకపోతే దేన్ని మారుస్తారు?

ఎంఆర్‌ఐలో వాడే, గాడోలినియం అనే లోహం ఉన్న మందుల కథ ఇంకా గట్టి సాక్ష్యం. కిడ్నీలు బాగా దెబ్బతిన్న కొందరిలో చర్మం చెక్కలా బిగుసుకుపోయే జబ్బుకీ ఈ మందులకీ లంకె ఉందని 2006లో బయటపడింది. తర్వాత చూస్తే పాపమంతా గాడోలినియానిది కాదు, ముఖ్యంగా ఆ లోహాన్ని గొలుసులాంటి అణువుతో పట్టి ఉంచే లీనియర్ అనే రకంలో కొన్నిటిది. 2017లో యూరప్ వాటిలో చాలావాటిని ఆపేసింది. ఎవరికి ఏది ఎక్కించారో ఎక్కడా రాసిపెట్టకుండా 'కాంట్రాస్ట్ ఇచ్చాం' అని ఊరుకుంటే ఈ తేడా ఎవరికి దొరికేది?

ఇక మా అక్క ఫైలు సంగతి. పేరు దొరక్క డాక్టరు దాని మీద ఎర్ర ఇంకుతో 'అయోడిన్ ఎలర్జీ' అని రాశారు. ఆయన్ని తప్పుపట్టలేను, ఇంకేం రాస్తారు? కానీ అయోడిన్ పడని మనిషి ఉండడు. థైరాయిడ్ హార్మోన్ తయారయ్యేదే దానితో. రొయ్యలు పడనివాళ్లకి డై ఇవ్వకూడదన్న మాట కూడా ఈ గందరగోళంలోంచి పుట్టిందే. రొయ్యల్లో పడనిది వాటి కండలోని ప్రోటీన్, అయోడిన్ కాదు. రేపు అత్యవసరంగా స్కాన్ తీయాల్సొస్తే ఆ ఎర్ర అక్షరాలు చూసి డై లేకుండానే తీసేస్తారు, దొరకాల్సిన జబ్బు దొరకదు. డైతో దద్దుర్లు వచ్చిన నష్టం కంటే అది పెద్దది. నేను డై వద్దనడం లేదు.

అడిగేది ఇంతే. ప్రతి కాంట్రాస్ట్ స్కాన్ రిపోర్టులో మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, అక్కడ ఉండగా ఏమైనా ఇబ్బంది వచ్చిందా అన్నది రాయాలి. వారం లోపల దద్దుర్లు వస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలో చిన్న చీటీ ఇవ్వాలి. ఆరోగ్య శాఖ దీన్ని సలహాగా వదిలేయకుండా లైసెన్సు షరతుల్లో చేర్చాలి. మందు సీసా మీద ఉన్న పేరే రిపోర్టులోకి ఎక్కించడానికి అర నిమిషం చాలు.

నాలుగుసార్లు తిరిగాక సెంటర్‌లో ఒకాయన రిజిస్టరు వెతికి పేరు చెప్పాడు. అంటే రాసుకుంటున్నారు, మనకే ఇవ్వడం లేదు. అక్క దాన్ని ఒక చీటీ మీద రాసి ఫోన్ కవర్ వెనకాల పెట్టుకుంది. ఆర్నెల్లలో ఆమెకి మళ్లీ స్కాన్ ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు