నలుగురితో మెలగడం ఎవరితో నేర్పుతారు?

సంపాదకుల వారికి,

ఏటా ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం ర్యాలీల ఫొటోలు పేపర్లో చూస్తుంటాను. మిగతా రోజుల సంగతి చెబుదామని ఈ ఉత్తరం.

మా బాబుకు 9 ఏళ్లు, ఆటిజం ఉంది. మూడేళ్లుగా వారానికి రెండుసార్లు బస్సెక్కి థెరపీకి తీసుకెళ్తున్నాను. అక్కడ నలుగురితో మెలగడం నేర్పుతారు. ఆ గదిలో మాత్రం నలుగురు ఉండరు, మావాడూ టీచరమ్మా తప్ప. ‘నీ పేరేంటి?’ అని అడగడం బాగా వచ్చేసింది. మా వీధిలో పిల్లాడి దగ్గరికెళ్లి అదే అడిగాడు. ‘నీకు తెలుసుగా!’ అన్నాడు వాడు. ఆ తర్వాత ఏమనాలో మావాడికి ఎవరూ నేర్పలేదు.

ఇంకోటి, ‘కళ్లలోకి చూసి మాట్లాడు’ అని గడ్డం పట్టి తిప్పుతారు. మా చిన్నప్పుడు పెద్దల ముందు కళ్లు దించుకోవడమే మర్యాద! మావాడు గోడకేసి చూస్తూ కూడా నేను చెప్పిందంతా వింటాడు. ఇటు చూడమంటేనే టెన్షన్ పడి మాట మర్చిపోతాడు.

వాడికి నిజంగా నేర్పింది పక్కింటి పిల్లలు, వేసవి సెలవుల్లో అష్టాచెమ్మా ఆడుతూ. గవ్వలు చేతికొస్తే మన వంతు, అంతే, అందులో ఊహించుకోవాల్సిందేమీ లేదు. మొదట్లో కాయ చస్తే గవ్వలు విసిరికొట్టేవాడు. ఆ ఇంటి అమ్మాయి ముందే చెప్పేది: ‘చంపుతున్నా, ఏడవకు, మళ్లీ ఎక్కించుకోవచ్చు.’ ఇప్పుడు ఎదుటివాళ్ల కాయ చంపేముందు మావాడూ అదే మాట చెబుతున్నాడు. ఎవరూ చెప్పమనలేదు.

బడిలో మాత్రం ‘మిగతా పిల్లలకు ఇబ్బంది’ అని ఇంటర్వెల్లో వాణ్ని క్లాసులోనే కూర్చోబెడుతున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ ఈ పిల్లలకు చదువుతో పాటు ఆటల్లోనూ సమాన అవకాశం ఇవ్వాలంది. అంటే ఇంటర్వెల్ కూడా వాడి హక్కే.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లను వారానికి ఒక్కరోజైనా ఇంటర్వెల్ వేళ బడి ఆవరణలో ఉండేలా చూడాలని విద్యాశాఖను కోరుతున్నాను. ఇద్దరు ముగ్గురు తోటి పిల్లలకు ఎలా పిలవాలో, ఎప్పుడు ఊరుకోవాలో చెబితే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు. ప్రైవేటు బళ్లకూ ఈ సాయం అందాలి.

హెడ్మాస్టరు గారిని మూడోసారి అడిగాను. ‘చూద్దాం లెండి’ అన్నారు.

– ఒక తల్లి, గుంటూరు జిల్లా