ఆ పాటని స్లో చేసేముందు

చిట్టితల్లీ,

ఆ హుషారు పాటని గిటార్ మీద నిదానంగా, దిగులుగా నీ పద్ధతిలో మళ్ళీ పాడి కవర్ చేస్తానన్నావు కదా, అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది, ఫోన్లో అన్నీ చెప్పలేనని రాస్తున్నా.

ముందు ట్యూన్ వదిలేసి లిరిక్స్ ఒక్కటే మామూలుగా మాట్లాడినట్టు చదువు. ఎక్కడో ఒక లైన్ దగ్గర నీకే గొంతు ఆగాలి. ఆగకపోతే ఇంకో పాట చూసుకోరా, లోపల బాధ లేని పాటని ఎంత స్లో చేసినా నీరసంగానే ఉంటుంది.

2003లో వచ్చిన అవుట్‌కాస్ట్ బృందం పాట 'హే యా' విను, చప్పట్లు, గెంతులు, కానీ పాటంతా ప్రేమ అయిపోయినా విడిపోలేక కలిసుండేవాళ్ళ గురించి, పైగా మీకు నా మాట అక్కర్లేదు డాన్సే కావాలి అని గాయకుడు పాటలోనే అనేస్తాడు. గాయని రాబిన్ 2010లో పాడిన 'డాన్సింగ్ ఆన్ మై ఓన్' కూడా అంతే, ప్రేమించినవాడు ఇంకో అమ్మాయితో ఉంటే చూస్తూ ఒంటరిగా డాన్స్ చేసే మనిషి పాట, దాన్నే 2016లో క్యాలమ్ స్కాట్ పియానోతో నెమ్మదిగా పాడాడు. నాకైతే బీట్ ఉన్నదే ఎక్కువ బాధగా ఉంటుంది, నువ్వు ఒప్పుకోవులే. అన్నిటికంటే నాకిష్టం అ-హా బ్యాండ్ వాళ్ళది, 1985 నాటి వాళ్ళ 'టేక్ ఆన్ మీ'ని 2017లో ఎలక్ట్రిక్ హంగులు లేకుండా పాడే అన్‌ప్లగ్డ్‌లో వాళ్ళే స్లోగా పాడారు. ఒకటి రెండు రోజుల్లో వెళ్ళిపోతాననే మాట అందులో మొదట్నుంచీ ఉంది, పాత స్పీడులో ఎవరికి వినపడింది చెప్పు?

ఇక వాయించడం సంగతి. కార్డ్స్ (కలిపి మోగే స్వరాల గుంపులు) అన్నీ దిగులుగా వినిపించే మైనర్‌లోకి మార్చెయ్యకు. సి, జి, ఎ మైనర్, ఎఫ్ అని తిరుగుతుంటే అదే వరసని ఎ మైనర్ నుంచి మొదలుపెట్టి చూడు, కార్డ్స్ అవే, మూడ్ మాత్రం మారిపోతుంది. మెలోడీ ఒకట్రెండు చోట్ల కార్డ్‌తో కొట్టుకుంటుంది, అక్కడ చెవిని బట్టి సర్దుకో. 120 బిపిఎం (నిమిషానికి 120 బీట్లు) పాటని 60కి తెస్తే నాలుగు బీట్ల బార్ 2 సెకన్ల నుంచి 4 సెకన్లవుతుంది, అంటే ఒక్క ఊపిరిలో అయిపోయే లైన్ ఇప్పుడు అవ్వదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో, మాట మధ్యలో మాత్రం తెంపకు. 60 మరీ లాగినట్టుంటే 70, 75 చూడు, పర్లేదు.

గొంతులో ఏడుపు పెట్టకు బంగారం. ఆ లైన్‌ని ఎదురుగా ఉన్న మనిషికి చెప్తున్నట్టు అను, చాలు. ఎకో కూడా తగ్గించు, దాని వెనక మాటలు దాక్కుంటాయి. కోరస్‌లో అసలు పాటలోని సంతోషం కొంచెం తొంగిచూస్తే చూడనీ, దాన్ని పూర్తిగా చంపెయ్యకు, అది ఉంటేనే పక్కన ఉన్న దిగులు తెలుస్తుంది.

మొదటి టేక్ బాలేదని డిలీట్ చేసెయ్యకు, అన్నీ పంపు, నేను వింటా.

అమ్మ