తిరగలి పైరాయి, ట్రాక్టర్ జప్తు

సంపాదకుడు గారికి,

కిస్తీలు తప్పాయని రైతు ట్రాక్టర్‌ను దుక్కుల వేళే తోలుకుపోవడంపై చర్చ ఎప్పుడొచ్చినా ‘తీసుకున్న అప్పు కట్టాలి కదా’ అన్న మాట దగ్గర ఆగిపోతుంది. కట్టాల్సిందే. అయితే దేనితో సంపాదించి కట్టాలి?

బైబిల్లో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఈ సంగతిని తిరగలి దగ్గర పట్టుకుంది. తిరగలిని గానీ, దాని పైరాయిని గానీ తాకట్టు పట్టకూడదు, అది ప్రాణాన్ని తాకట్టు పట్టడమేనంటుంది. కింది రాయి ఇంట్లోనే ఉన్నా, పైరాయి పోతే పిండి రాదు. బోరు వదిలేసి స్టార్టర్ పెట్టె విప్పుకుపోవడం లాంటిదే ఇది. తాకట్టు వస్తువు కోసం అప్పిచ్చినవాడు ఇంట్లోకి వెళ్లకూడదని, బయటే నిలబడాలని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. వడ్డీ మాఫీ కోసం ఈ లేఖ రాయడం లేదు. పరాయివాడి దగ్గర వడ్డీ తీసుకోవచ్చని ఆ గ్రంథమే ఒప్పుకుంటుంది.

మన చట్టానికీ ఈ ఆలోచన కొత్త కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (1908) 60వ సెక్షన్ ప్రకారం రైతు పనిముట్లను, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులను, విత్తనాలను జప్తు చేయరాదు. బ్యాంకులు కోర్టుకు వెళ్లకుండానే హామీ ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్ ఇలా జప్తు చేయరాని ఆస్తులను తన పరిధి నుంచి తప్పించింది. కానీ ‘ఆ అప్పుకే హామీగా పెట్టినవి కాకుండా’ అని బ్రాకెట్‌లో ఒక మెలిక పెట్టింది. ట్రాక్టర్ అప్పుకు హామీ ట్రాక్టరే. నాగలికి దొరికిన రక్షణ ట్రాక్టర్‌కు ఆ బ్రాకెట్‌లో పోయింది.

హామీ లేకపోతే అప్పే పుట్టదంటారు. కానీ వస్తువుకు బదులు మనుషుల పూచీ కూడా హామీ కావచ్చు. 19వ శతాబ్దపు జర్మనీలో పశువుల అరువుతో చితికిన రైతులను చూసి, క్రైస్తవ విశ్వాసి అయిన మేయర్ ఫ్రీడ్రిష్ రైఫైసెన్ 1849లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో సంఘం పెట్టారు. ఊళ్లోని కలిగినవాళ్ల పూచీ మీద పశువులు కొని రైతులకు వాయిదాలకిచ్చేవారు. పూచీ ఒకరిది, అప్పు మరొకరిది కావడంతో దాతల ఉత్సాహం నిలవలేదు. అందుకే 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో అప్పు తీసుకునేవాళ్లనే సభ్యులను చేశారు. ఆయన పద్ధతిలో పరిధి చిన్నది, బాధ్యత అపరిమితం, అంటే సంఘం బాకీకి ప్రతి సభ్యుడూ తన ఆస్తి మొత్తంతో పూచీ. ఎవరు దేనికి తీసుకున్నారో, గేదె కొన్నారో పెళ్లి చేశారో, ఊళ్లో అందరికీ తెలుస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో బ్రిటిష్ అధికారి ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 నివేదికల్లో ఈ నమూనానే సూచించారు. 1904 సహకార పరపతి చట్టం కూడా గ్రామ సంఘాలకు అపరిమిత బాధ్యతే పెట్టింది. ఒకరికొకరు పూచీగా బ్యాంకు అప్పు తీసుకునే ఇప్పటి జాయింట్ లయబిలిటీ గ్రూపుల్లో 4 నుంచి 10 మంది ఉంటారు. ఒకరినొకరు ఎరగని కౌలుదారులను కాగితం మీద కలిపేస్తే, ఒకరి బాకీకి మిగతావాళ్ల అప్పూ ఆగిపోతుంది.

కోరేదల్లా సర్ఫేసీ చట్టంలోని ఆ బ్రాకెట్‌కు ఒక షరతు. పొలంలో పైరు ఉన్నంతకాలం, కోత ముగిశాక మరో 30 రోజులు, రైతు సొంత సాగుకు వాడే ట్రాక్టర్‌ను ఎవరు అప్పిచ్చినా స్వాధీనం చేసుకోకూడదు. ఆ గడువుకు మామూలు వడ్డీ వేయొచ్చు, అపరాధ వడ్డీ వేయకూడదు. పైరు ఉందనడానికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం చేసే ఈ-క్రాప్ పంట నమోదు సరిపోతుంది. కౌలు రైతుతోనే చిక్కు. నమోదు భూయజమాని పేరున ఉంటే ట్రాక్టర్ ఎవరిదైనా గడువు దక్కదు. కాబట్టి సాగుదారు పేరు లేని నమోదైతే ఊళ్లో విచారించి రాసిన పంచనామానైనా రుజువుగా ఒప్పుకోవాలి.

— ఒక పాఠకుడు