గుజరాత్ వేరావల్‌లో ఉన్న పెద్దోడికి

చిరంజీవి రాజుకి మీ నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. చలి మొదలైంది. చిన్నోడు బడికి పోతున్నాడు. నిన్న ఒడ్డున ఎవరో అన్నారు, మీ బోటు ఇంజన్ నడిసంద్రంలో ఆగిపోయిందట, గంటలకొద్దీ కొట్టుకుపోయిందట. నేను నమ్మలేదులే. మీ అమ్మే ఫోను పట్టుకుని కూర్చుంది.

ఏదో ఊరికే రాస్తున్నాను. డీజిల్ ఫిల్టర్లు అదనంగా రెండైనా ఉన్నాయా? అల పెద్దదైతే ట్యాంకు అడుగునున్న మడ్డి, నీళ్లు పైకి లేచి ఫిల్టరు మూసుకుపోతుంది. ముందు ఇంజన్ గొంతు తగ్గుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. రోజూ పొద్దున్నే ఫిల్టరు అడుగున నీళ్లు చేరే గిన్నె కింద మర తిప్పి తేట డీజిల్ వచ్చేదాకా వదులు. ఫిల్టరు మార్చాక గాలి తియ్యకుండా స్టార్టరు నొక్కావంటే బ్యాటరీ చచ్చిపోద్ది గానీ ఇంజన్ లేవదు. పైనున్న గాలి మర కొంచెం వదులు చేసి చేతిపంపు కొట్టు. బుడగలు పోయి ఉత్త డీజిల్ కారేటప్పుడు, పంపు కొడుతూనే మర బిగించు.

దానయ్య బోటు సంగతి గుర్తుందా? ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల పంపులో ఇంపెల్లరు, అదే రబ్బరు రెక్కల చక్రం, పోయింది, కొత్తది వేశాడు. గంటకి ఇంజన్ మళ్లీ వేడి. మళ్లీ విప్పాడు, కొత్తది బాగానే ఉంది. బెల్టు అన్నాడు, పైపు అన్నాడు, అదీ ఇదీ విప్పి డెక్కంతా పరిచాడు. చివరికి ముసలి కళాసీ పాత ఇంపెల్లరు చేతిలోకి తీసుకుని రెక్కలు లెక్కపెట్టాడు. రెండు తక్కువ! ఆ రబ్బరు ముక్కలు ఇంజన్ కూలరు మూతిలో ఇరుక్కుని నీళ్లకి అడ్డుపడ్డాయి. తీగతో లాగితే వచ్చాయి. ఈ సందట్లో లంగరు వెయ్యాలన్న ధ్యాస ఒక్కడికీ లేదు. జీపీఎస్ చూసేసరికి ఎక్కడో ఉన్నారు.

ఇంజన్ ఆగితే ముందు లంగరు, తర్వాతే స్పానరు. తాడు లోతుకి ఐదింతలైనా వదలాలి, ముప్పై మీటర్లుంటే నూటయాభై. లంగరు అందని లోతైతే పాత వల మూటకట్టి ముక్కు వైపు నుంచి దించు, పడవ అలకి ఎదురు తిరిగి నిలబడుద్ది, జోరు తగ్గుద్ది. అక్కడ పాకిస్తాన్ సరిహద్దు గీత ఎంత దగ్గరో నీకు చెప్పక్కర్లేదు. 2018 నవంబరులో పాకిస్తాన్‌వాళ్లు పట్టుకెళ్లిన మనోళ్లు 2020 జనవరికి గానీ వాఘా దాటలేదు.

గంటగంటకీ ఎక్కడున్నారో పెన్సిలుతో పుస్తకంలో రాయించు. జీపీఎస్ పోయినా ఆ లెక్క ఉంటుంది. సాయం కావాలంటే వీహెచ్ఎఫ్ రేడియోలో పదహారో ఛానల్ పట్టి, ముందు ఆ అంకెలు చెప్పు, కథ తర్వాత. ఫోనుకి సిగ్నలుంటే కోస్ట్ గార్డు నంబరు 1554. స్టార్టు బ్యాటరీ మీద లైట్లు పెట్టనివ్వకు. నిజంగా ఆగిందా, ఆగితే ఎందుకాగింది? అదొక్కటి చెప్పరా, మిగతాది నేను అడగను.

సోములు మామ చేతికి చింతపండు, రెండు ఫిల్టర్లు ఇచ్చాను. బోటు సేటు కొంటాడులే అని ఊరుకోకు. ఫిల్టరు బిగించేటప్పుడు రబ్బరు వాషరుకి డీజిల్ రాసి, అది తగిలాక ఫిల్టరుని ముప్పావు చుట్టు చేత్తోనే తిప్పు. స్పానరు పెట్టకు, వాషరు నలుగుద్ది.

మీ నాన్న