ఎదసూది వేళ

కావలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

బయట ముసురు పట్టింది, కరెంటు వస్తూ పోతూ ఉంది. నిద్ర పట్టక రాస్తున్నా.

ఈసారి ఆరు గిల్టుల్లో (ఇంకా ఈనని పడుచు పందులు) ఐదు చూడి కట్టాయిరా! పోయినేడు నాలుగు 21 రోజులకే మళ్ళీ ఎదకు తిరిగి నా పరువు తీశాయి, గుర్తుందా? తప్పంతా నాదే. మానం ఎర్రబడగానే వీర్యం సీసా పట్టుకుని పరిగెత్తేవాణ్ణి. ఆ సీసా కూడా ఇంట్లో ఫ్రిజ్‌లో, అమ్మ చింతకాయ పచ్చడి పక్కన! పంది వీర్యానికి అంత చలి పనికిరాదంట, 17 డిగ్రీల దగ్గర ఉంచాలంట. పచ్చడి బాగానే ఉంది, కణాలే చచ్చాయి.

ఎరుపు రెండు మూడు రోజుల ముందే కనిపిస్తుంది. “పెళ్ళికూతురు ముస్తాబు కాకముందే తాళి కట్టేస్తే ఎట్టయ్యా?” అని నవ్వాడు డాక్టరు. ఇప్పుడు పొద్దున, సాయంత్రం మగపందిని ముక్కుకు ముక్కు ఆనేలా నిలబెట్టి, గిల్టు నడుం మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కుతా. అది చెవులు నిక్కించి గుంజలా నిలబడిపోయిందా, అప్పుడే గడియారం చూసుకోవాలి. అక్కడి నుంచి సుమారు 36–40 గంటలకు అండాలు విడుదలవుతాయి. వీర్యకణాలు లోపల బతికేది ఒక రోజు. అందుకే పొద్దున ఆరింటికి నిలబడితే సాయంత్రం ఆరింటికి ఒక వీర్యం సూది, మర్నాడు పొద్దున రెండోది. ముదురు పందుల కంటే వీటికి ఎద తొందరగా దిగిపోతుంది, బద్ధకిస్తే అంతే.

ఏడు నెలలొచ్చినా ఎదకు రాని వాటికి డాక్టరే మెడలో సూదిమందు వేశాడు: 400 యూనిట్ల పీఎంఎస్‌జీ, 200 యూనిట్ల హెచ్‌సీజీ, రెండూ ఎద తెప్పించే హార్మోన్లే. ఐదో రోజుకల్లా వచ్చాయి. చేతులు దురద పెట్టినా ఆ ఎద వదిలేసి, తర్వాతి ఎదకు కట్టించా. దానికి రెండు వారాల ముందు నుంచి దాణా పెంచా, అండాలు ఎక్కువ పడతాయని. సూది అయ్యాక మళ్ళీ తగ్గించేశా. ఆకలికి అవి గేటు కొరికేస్తున్నాయి, అది వేరే గోల.

మొదటిదానికి సెప్టెంబరు 20న వేశా. 114 రోజులు లెక్కేస్తే సరిగ్గా భోగి ముందు ఈనుతుంది. పండక్కి ఎటూ వస్తావుగా, రాత్రి కాపలా నీదే. టార్చి తెచ్చుకో, మా ఊళ్ళో కరెంటు సంగతి చెప్పాగా.

నీ,
బావ