సమూయేలు అంటే ‘దేవుడు విన్నాడు’ కాదు

సంపాదకులకు,

పిల్లల పేర్ల పట్టికల్లో ‘సమూయేలు’ ఎదురుగా ‘దేవుడు విన్నాడు’ అని అచ్చవుతూనే ఉంది. హీబ్రూలో ఈ పేరుకు అక్షరాలు 5: షిన్, మేమ్, వావ్, అలెఫ్, లామెద్. ‘వినడం’ అనే అర్థమిచ్చే ‘షామా’ ధాతువులో చివరి అక్షరం అయిన్. సమూయేలులో ఆ అయిన్ లేనే లేదు. ఇష్మాయేలులో ఉంది, ‘దేవుడు వింటాడు’ అన్న అర్థం ఆ పేరుది. అయిన్, అలెఫ్ రెండూ గొంతులో పుట్టే హల్లులు. వాటికి తెలుగులో అక్షరాల్లేవు. అందుకే ఒకటి ‘మాయేలు’, ఇంకొకటి ‘మూయేలు’ అంటూ మన చెవికి ఒకే తీరుగా తోస్తాయి. పొరపాటుకు చోటిస్తున్నది ఇదే.

షేమ్ అంటే పేరు, ఏల్ అంటే దేవుడు. ‘దేవుని పేరు’, లేదా ‘ఆయన పేరు ఏల్’ అన్న అర్థాలే ఆ అక్షరాలకు సరిపోతాయి.

మరి యెహోవాను అడిగి పొందాను గనుకనే కదా హన్నా బిడ్డకు ఆ పేరు పెట్టింది (1 సమూయేలు 1:20)? అడగడానికి ధాతువు ‘షాఅల్’. ఆ అధ్యాయం 17, 20, 27, 28 వచనాల్లో ఇది 7 సార్లు వస్తుంది. 28లోనైతే ‘షాఊల్’ అనే రూపమే ఉంది, అచ్చంగా సౌలు రాజు పేరు! హన్నా మాట ధ్వనిసామ్యం మీద అల్లిన పలుకు, ఎంతో అందమైనది. దాన్ని వ్యుత్పత్తిగా చూపడమే తప్పు.

పట్టికలు వేసేవారు అర్థం పక్కనే హీబ్రూ అక్షరాలూ ముద్రిస్తే, అయిన్ ఉందో లేదో తల్లిదండ్రులే చూసుకుంటారు.

– ఒక పాఠకుడు, గుంటూరు